పాఠకుల ప్రశ్నలు: ఓవెన్ తలుపుకు పడిన గడియ

ఈ శీర్షికకు మామూలుగా నీళ్ళ మోటార్లు, ఇన్వర్టర్లు, ఫ్యాన్ల గురించిన ఉత్తరాలు వస్తుంటాయి. క్రిస్మస్‌కూ సంక్రాంతికీ నడుమ అందిన ఉత్తరాలలో మాత్రం నాలుగింటి విషయం ఒక్కటే, ఓవెన్ తలుపు. ఒకరికి తెరుచుకోదు, ఇంకొకరికి మూసినా మూసినట్లు ఒప్పుకోదు, మరొకరికి మూసిన ప్రతిసారీ ఫ్యూజు పోతోంది. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి వీటికే సమాధానాలు రాస్తున్నాను.

ప్రశ్న: మాది గుంటూరు, లక్ష్మీపురం. రెండేళ్ళ క్రితం మాడ్యులర్ కిచెన్ చేయించుకున్నప్పుడు కాబినెట్‌లో అమర్చే కరెంటు ఓవెన్ కొన్నాము. క్రిస్మస్ కేకుల పని మొదలుపెట్టే ముందు లోపలి జిడ్డంతా పోగొట్టాలని డిసెంబరు 22 రాత్రి దానిలోని సెల్ఫ్ క్లీన్ ప్రోగ్రాం పెట్టాను. అది నడుస్తుండగా ఒకసారి కరెంటు పోయి, పావుగంట తరువాత వచ్చింది. తెల్లవారేసరికి ఓవెన్ పూర్తిగా చల్లారింది గాని తలుపు రాలేదు. డిస్‌ప్లే మీద తాళం గుర్తూ, దాని పక్కన ఒక అక్షరం, ఒక అంకే వెలుగుతున్నాయి. మావారు పిడి పట్టుకొని బలంగా లాగినా లాభం లేకపోయింది. సర్వీసుకు వచ్చిన అబ్బాయి పైనుంచి చూసి, కంట్రోల్ బోర్డు పోయిందని, దానిని మార్చడానికి ఓవెన్ ధరలో మూడో వంతు దాకా అవుతుందని చెప్పి వెళ్ళాడు. కేకుల పిండిని బేకరీకి పట్టుకెళ్ళి కాల్పించుకున్నాము. నిజంగా బోర్డే పోయిందా? అంత డబ్బు పెట్టే ముందు మేము ఇంట్లో చూసుకోదగినది ఏమైనా ఉందా?

జవాబు: అమ్మా, బోర్డు పోయి ఉండవచ్చు గాని, మూసి ఉన్న తలుపును చూసి ఆ మాట చెప్పగలిగిన మెకానిక్ నాకు ఇంతవరకు కనబడలేదు. నా అనుభవంలో ఇటువంటి ఫిర్యాదులలో బోర్డు వంతు చివరన వస్తుంది. అంతకుముందు విచారించవలసినవి మూడు ఉన్నాయి. అవి గడియను తిప్పే చిన్న మోటారు, గడియ ఎక్కడ ఉందో బోర్డుకు చెప్పే మైక్రోస్విచ్, లోపలి వేడిని కొలిచే సెన్సర్.

ముందుగా ఆ తలుపుకు గడియ ఎందుకు పెట్టారో చెబుతాను. సెల్ఫ్ క్లీన్ అంటే నీళ్ళతోనో సబ్బుతోనో కడగడం కాదు. ఓవెన్ తనను తాను సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చుకుంటుంది. మనం కేకు కాల్చే వేడి 180 డిగ్రీలని గుర్తుంచుకుంటే ఆ తేడా అర్థమవుతుంది. ఆ వేడికి గోడలకు పట్టిన నూనె, చక్కెర, మసాలా అన్నీ బూడిదవుతాయి. ఈ పద్ధతితో 1963లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఇళ్ళకు ఓవెన్ తెచ్చిన నాటి నుంచి తలుపు గడియ దానికి తప్పనిసరి తోడయింది, ఎందుకంటే ఆ వేడిలో ఎవరైనా తలుపు తీస్తే చెయ్యి కాలడం ఒక్కటే కాదు, బయటి గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయి కాలుతున్న జిడ్డు భగ్గుమని అంటుకోగలదు. అందుచేత చాలా మోడళ్ళలో వేడి సుమారు 300 డిగ్రీలకు చేరేలోపే గడియ పడుతుంది, తిరిగి దిగువకు వచ్చాక గాని వదలదు. ఇక్కడ ఒక అనుమానం తీర్చాలి. మన రోహిణి కార్తె ఎండల వల్ల ఓవెన్ చల్లారడం ఆలస్యమై గడియ వదలడం లేదేమోనని కొందరు అనుకుంటారు. 480 డిగ్రీల నుంచి 280 డిగ్రీలకు దిగడానికి వంటగది 25 డిగ్రీలున్నప్పుడు పట్టే సమయం కంటే 45 డిగ్రీలున్నప్పుడు పట్టేది నూటికి ఆరేడు వంతులే ఎక్కువ, కాబట్టి ఆ నేరం ఎండ మీద వేయనక్కరలేదు. మీ ఓవెన్ విషయంలో రాత్రంతా గడిచిపోయింది కనుక నిజమైన వేడి ఎలాగూ కారణం కాదు.

ఆ గడియకు సొంత బుద్ధి లేదు. తలుపు పైభాగంలో, బటన్ల ప్యానెల్‌కు వెనుక ఒక చిన్న మోటారు నెమ్మదిగా తిరుగుతూ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఒక ఇనుప కొక్కేన్ని ముందుకు జరుపుతుంది, అది తలుపులోని గాడిలో పడుతుంది. చక్రం అంచున ఒకటో రెండో మైక్రోస్విచ్‌లు ఉంటాయి. గడియ పడిందని, గడియ వదిలిందని సాక్ష్యం చెప్పేవి అవే. బోర్డుకు కళ్ళు లేవు గనుక ఆ సాక్ష్యాన్నే నమ్ముతుంది. మోటారును తిప్పిన తరువాత కొద్ది సేపట్లో సాక్షి పలకకపోతే, లేదా తాను శుభ్రం చేసే పనిలో లేని సమయంలో గడియ పడి ఉన్నట్లు సాక్షి చెబితే, బోర్డు అయోమయపడి ఒక కోడ్ చూపి ఆగిపోతుంది. మీరు రాసిన పావుగంట కరెంటు కోత నాకు అనుమానాస్పదంగా తోస్తున్నది ఇందువల్లే. మోటారు ఉన్న గడియ కరెంటు పోయినప్పుడు ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది, అది మంచిదే. కరెంటు తిరిగి వచ్చాక కొన్ని బోర్డులకు తాము ఏ పనిలో ఉన్నామో గుర్తుండదు. అప్పుడు గడియ పడి ఉండడమే వాటికి తప్పుగా కనబడుతుంది. కోడ్‌ల అర్థం ఒక్కో కంపెనీకి ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి మీ ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలో చూడండి, పక్కింటివారి ఓవెన్ కోడ్‌ను బట్టి నిర్ణయించవద్దు.

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. పిడి పట్టుకొని లాగడం ఆపించండి. లాగినకొద్దీ తలుపు కొక్కేన్ని పట్టి బిగిస్తుంది, ఆ బిగువుకు మోటారు దానిని వెనక్కు తీయలేదు. తలుపు చుట్టూ ఉన్న పట్టీ ఎటూ బయటికి నెడుతూనే ఉంటుంది, దానికి మన చేతి బలం కూడా తోడైతే ఆ చిన్న మోటారు ఏమి చేయగలదు? ఓవెన్‌కు వెళ్ళే ఎంసీబీని, అంటే మెయిన్ బోర్డులోని బ్రేకర్ స్విచ్‌ను, పది నిమిషాలు ఆపి ఉంచండి, బోర్డులో నిలువ ఉన్న విద్యుత్తు కూడా పోవాలి. మళ్ళీ వేసేటప్పుడు ఒకరు తలుపు పై అంచును అరచేతితో లోపలికి నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు ప్యానెల్ దగ్గర చెవి పెట్టి వినాలి. చాలా మోడళ్ళు కరెంటు రాగానే మోటారును ఒకసారి తిప్పి గడియ ఎక్కడుందో చూసుకుంటాయి. ఈ రెండు పనులతోనే తలుపు తెరుచుకున్న ఇళ్ళు నాకు కొన్ని తెలుసు. అప్పటికీ రాకపోతే, ఓవెన్ ఒప్పుకుంటే సెల్ఫ్ క్లీన్‌ను మళ్ళీ మొదలుపెట్టి, మోటారు శబ్దం ఆగగానే అర నిమిషంలో రద్దు చేయండి. గడియ పూర్తిగా పడి, పూర్తిగా వెనక్కు వచ్చే అవకాశం దానితో కలుగుతుంది. కాయిల్ ఎర్రబడేదాకా ఉంచవద్దు.

ఈ ప్రయత్నంలో చెవికి వినబడేదే మీకు సగం సమాధానం. చిన్నగా మోటారు గుర్రుమన్న శబ్దం వచ్చి కొక్కెం కదలకపోతే అడ్డు యాంత్రికమైనది. కాలిన జిడ్డు గట్టిపడి ఉండవచ్చు, కొక్కెం వంగి ఉండవచ్చు, తలుపు మడతబందులు ఒకవైపు కుంగి గాడి, కొక్కెం ఎదురెదురుగా లేకపోయి ఉండవచ్చు. మోటారు ఆగకుండా తిరుగుతూ చివరకు అదే కోడ్ వస్తే నూటికి తొంభై పాళ్ళు నా అనుమానం మైక్రోస్విచ్ మీదనే. అసలు శబ్దమే లేకపోతే మూడు దారులున్నాయి. మోటారు కాయిల్ తెగి ఉండవచ్చు, బోర్డు మీద మోటారుకు కరెంటు పంపే రిలే పని చేయకపోవచ్చు, లేదా ఓవెన్ ఇంకా మండుతూనే ఉందని బోర్డు భ్రమపడుతూ ఉండవచ్చు.

ఈ మూడవదానిని మెకానిక్‌లు తరచు మరచిపోతారు. వేడిని కొలిచే సెన్సర్ ప్లాటినం తీగతో చేసినది. ఎక్కువగా వాడే రకానికి 0 డిగ్రీల దగ్గర 1000 ఓమ్‌ల నిరోధం ఉంటుంది, వేడి ఒక డిగ్రీ పెరిగినప్పుడల్లా అది సుమారు 3.85 ఓమ్‌లు పెరుగుతుంది. ఆ లెక్కన మన జనవరి వంటగదిలో 25 డిగ్రీలుంటే మల్టీమీటర్ 1096 చుట్టుపక్కల చూపాలి, మే నెలలో 40 డిగ్రీలుంటే 1154 చూపాలి. కొన్ని ఓవెన్లలో 500 ఓమ్‌ల రకం ఉంటుంది, అప్పుడు ఈ అంకెలన్నీ సగమవుతాయి. 400 డిగ్రీల వేడిలో 1000 ఓమ్‌ల రకం దాదాపు 2470 చూపుతుంది. అంటే తీగ తెగినా, కనెక్టర్ వదులై నిరోధం అనంతమైనా, బోర్డుకు అది భయంకరమైన వేడిగానే కనబడుతుంది. చల్లని ఓవెన్ తలుపును అది వదలకపోవడం అప్పుడు దాని తప్పు కాదు. 480 డిగ్రీల వేడి తగిలిన మరునాడే సెన్సర్ కనెక్టర్ పాడవడంలో ఆశ్చర్యమూ లేదు.

ఇవన్నీ కొలవాలంటే ఓవెన్‌ను కాబినెట్ నుంచి బయటికి తీయాలి, మన ఊళ్ళలో అసలు చిక్కు అక్కడే వస్తుంది. చాలా ఓవెన్లను కాబినెట్‌కు బిగించే స్క్రూలు తలుపు తెరిస్తేనే కనబడే చోట ఉంటాయి. తలుపేమో తెరుచుకోదు. ప్లగ్ పాయింటును సరిగ్గా ఓవెన్ వెనుకే పెట్టి ఉంటారు, పైన గ్రానైట్ బండను సిలికాన్‌తో అతికించి ఉంటారు. కాబట్టి మీకు ఎలక్ట్రీషియన్ కంటే ముందు వడ్రంగి కావలసి రావచ్చు. పక్క కాబినెట్ వెనుక పలకనో, ఓవెన్ కింది డ్రాయర్‌నో విప్పితే చాలాసార్లు చెయ్యి పట్టే దారి దొరుకుతుంది. అంతకుముందు ఒక ప్రయత్నం చేయవచ్చు. తలుపు పై అంచుకూ ప్యానెల్‌కూ మధ్య సందు ఉన్న మోడళ్ళలో, ఎంసీబీ ఆపి, ఓవెన్ చల్లగా ఉన్నప్పుడు, పలుచని హాక్సా బ్లేడు ముక్కను ఆ సందులో దూర్చి కొక్కేన్ని పక్కకు జరపవచ్చు. స్క్రూడ్రైవర్ పెట్టి పెళ్ళగించడం మాత్రం వద్దు. తలుపు అద్దం టెంపర్డ్ గాజు, అంచున చిన్న దెబ్బ తగిలినా మొత్తం చిన్నచిన్న ముక్కలై రాలుతుంది. అప్పుడు బోర్డు ఖర్చు చాలదన్నట్లు తలుపు ఖర్చు కూడా మీద పడుతుంది.

కరెంటు ఆపడం గురించి ఒక మాట. సాధారణ సింగిల్ పోల్ ఎంసీబీ ఒక్క ఫేజు తీగనే తెంపుతుంది. మన పాత అపార్ట్‌మెంట్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారైన వైరింగ్ నేను చాలా చూశాను, అటువంటి చోట ఎంసీబీ ఆపినా ఓవెన్ తీగలలో 230 వోల్టులు ఉంటాయి. అందుచేత వెనుక భాగం విప్పేటప్పుడు ఇంటి మెయిన్ ఐసోలేటర్‌నే ఆపి, టెస్టర్‌తో రెండు తీగలనూ చూసిన తరువాతనే చెయ్యి పెట్టాలి. ఆ అలవాటు లేనివారు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయి, మిగిలిన పని తెలిసినవారికి అప్పగించడం మంచిది.

గడియ భాగం బయటికి వచ్చాక పరీక్ష పెద్దదేమీ కాదు. మోటారు కాయిల్ కొన్ని వేల ఓమ్‌లు చూపాలి, ఏమీ చూపకపోతే తెగినట్లే. మైక్రోస్విచ్ మీటను వేలితో నొక్కితే టక్కుమనాలి, మల్టీమీటర్ బీప్ ప్రతిసారీ పలకాలి. పదిసార్లు నొక్కితే ఎనిమిదిసార్లే పలికే స్విచ్ ఉందే, అది పూర్తిగా చచ్చిన స్విచ్ కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే మెకానిక్ వచ్చినప్పుడు అది బాగానే పని చేస్తుంది. స్విచ్ మార్చేటప్పుడు ఎక్కువ వేడికి తట్టుకునే రకమే వేయించండి, విజయవాడ వన్‌టౌన్‌లోనో మరెక్కడో పది రూపాయలకు దొరికే మామూలు స్విచ్ రెండు నెలలకు కరిగిపోతుంది. కొక్కెం బిగిసిందని కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె పోయకండి. తరువాతి వేడికి అవి కాలి బంకగా మారి ముందుకంటే గట్టిగా పట్టేస్తాయి. ఎక్కువ వేడికి పనికివచ్చే గ్రీజు, అదీ చిటికెడు మాత్రమే వాడాలి.

సర్వీసువారిని మళ్ళీ పిలిచినప్పుడు ఒక్కటే అడగండి. సెన్సర్ రీడింగ్ ఎంత, మోటారు రీడింగ్ ఎంత, స్విచ్ పలికిందా లేదా, ఈ మూడూ బిల్లు మీద రాయమనండి. ఈ మూడూ సరిగ్గా ఉండి, అయినా బోర్డు నుంచి మోటారుకు కరెంటు రాకపోతే అప్పుడు బోర్డు పోయిందన్న మాట ఒప్పుకోవచ్చు. అప్పుడైనా కొత్త బోర్డే దారి కాదు, దాని మీది ఒక్క రిలే మార్చగలవారు గుంటూరులోనూ విజయవాడలోనూ ఉన్నారు. కొలవకుండానే బోర్డు మార్చి, లోపం అలాగే ఉండిపోతే, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళలోపు వెళ్ళవచ్చు, 5 లక్షల రూపాయల లోపు విలువకు దరఖాస్తు రుసుము ఏమీ లేదు. బిల్లు మీద రీడింగులు రాయించుకోవాలనడం ఇందుకు కూడా.

తలుపు తెరుచుకున్న తరువాత కాబినెట్ వెనుక గాలి ఆడే సందు ఉందో లేదో చూడండి. బొద్దింకలు రాకూడదని మన వడ్రంగులు వెనుక అంతా మూసేస్తారు. దానివల్ల లోపలి కూలింగ్ ఫ్యాన్ వేడి గాలిని బయటికి నెట్టలేక, గడియ, స్విచ్, బోర్డు అన్నీ ఆ వేడిలోనే ఉడుకుతాయి. ఇక సెల్ఫ్ క్లీన్ సంగతి. పండుగ ముందు రాత్రి దానిని పెట్టడం, పెళ్ళికి ముందురోజు కారు ఇంజిన్ విప్పడం వంటిది. ఏదైనా విరిగే రోజంటూ ఉంటే అది ఆ రోజే. కరెంటు నిలకడగా ఉండే పగటిపూట, పండుగ అయిన తరువాత పెట్టుకోండి. లోపలి జిడ్డు తక్కువే అయితే వంటసోడాను నీళ్ళతో ముద్దగా కలిపి కాయిల్‌కు తగలకుండా గోడలకు రాసి, రాత్రంతా ఉంచి తుడిచినా సరిపోతుంది.

ప్రశ్న: మేము విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఉంటాము. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు వంటగది బండ కింద ఉన్న ఓవెన్ మునిగింది. బురద కడిగి, రెండు వారాలు ఎండబెట్టి వాడితే పని చేసింది. కొన్ని నెలల నుంచి తలుపు మూసినా లోపలి దీపం ఆరదు, తలుపు తెరిచి ఉందని చూపిస్తుంది, ఒక్కోసారి రెండుసార్లు కొట్టి మూస్తే ఒప్పుకుంటుంది. తలుపు లాక్ మార్చితే చాలునా?

జవాబు: లాక్ ఒక్కటే మార్చితే మీ పని అయిపోదు. ముందు లాక్ సంగతి చూద్దాము. దీపాన్ని వెలిగించి ఆర్పేది గడియ స్విచ్ కాదు, తలుపు స్విచ్. అది వేరుగా, తలుపు చట్రం దగ్గర చిన్న మీటలా ఉంటుంది. మీరు చెప్పిన లక్షణం దానిదే. బురద నీరు దానిలోకి వెళ్ళి, నీరు ఎండినా సన్నటి మట్టి మిగిలి, లోపలి లోహపు కొనలు నెమ్మదిగా చిలుము పట్టాయి. అందుకే మునిగిన వెంటనే పని చేసి, ఇప్పుడు మొండికేస్తోంది. కొట్టి మూస్తే ఒప్పుకోవడం కూడా అందువల్లే, ఆ అదురుకు చిలుము కొంత రాలుతుంది. దానిని స్ప్రే కొట్టి శుభ్రం చేయించవద్దు, మార్పించండి. అదే వయసు, అదే బురద తిన్న గడియ స్విచ్‌నూ దానితో పాటే మార్పించండి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది మీరు అడగని విషయం. ఓవెన్ గోడల చుట్టూ వేడి పోకుండా దూది వంటి పొర చుట్టి ఉంటుంది, మురికి నీరు అందులో ఇంకి ఎన్నాళ్ళయినా ఉండగలదు. హీటింగ్ కాయిల్ లోపల తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది, దానికి తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ పట్టిన కాయిల్ నుంచి కరెంటు ఓవెన్ ఒంటికి కారుతుంది. మీ ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఇలా కారితే సరఫరాను తెంపే స్విచ్) ఉండి, ఓవెన్ వేయగానే అది పడిపోతుంటే కారణం అదే. ఆర్‌సీసీబీ లేకపోతే, ఎర్తింగ్ కూడా వరదలో పాడై ఉంటే, ఆ కరెంటు మీ చేతి కోసం ఎదురు చూస్తూ ఉన్నట్లే లెక్క. స్విచ్‌లు మార్చే రోజునే 500 వోల్టుల మెగ్గర్ అనే మీటరుతో, కరెంటు కారుతున్నదేమో చూసే ఇన్సులేషన్ పరీక్ష చేయించి, ఎర్తింగ్ కూడా చూపించండి. ఆ పొర తడిసి వాసన వస్తున్నా, స్విచ్‌లు, కాయిల్, పొర మూడూ కలిపి ఖర్చు కొత్త ఓవెన్‌లో సగానికి చేరినా, దానిని వదిలించుకోవడమే నా సలహా. వరదలో పోయినవాటికి ఇది ఒకటి అదనం అని మీకు బాధగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

ప్రశ్న: విజయవాడ పటమటలో మా చిన్న టిఫిన్ సెంటరు వెనుకే ఇల్లు. ఇంట్లోని మైక్రోవేవ్ ఓవెన్ తలుపు మూసిన ప్రతిసారీ గాని, తెరిచినప్పుడు గాని లోపలి ఫ్యూజు పోతోంది. మూడు ఫ్యూజులు మార్చాము. తలుపు లాక్‌లోని ఒక స్విచ్‌కు అడ్డంగా వైరు కలిపేస్తే గొడవ ఉండదని మా దగ్గర పనిచేసే కుర్రాడు అంటున్నాడు. కలపమంటారా?

జవాబు: వద్దు. ఆ స్క్రూడ్రైవర్‌ను ఆ అబ్బాయి చేతిలో నుంచి తీసుకోండి.

మైక్రోవేవ్ తలుపు కొక్కెం వెనుక మామూలుగా మూడు స్విచ్‌లు ఉంటాయి. రెండు స్విచ్‌లు తలుపు తెరవగానే కరెంటును తెంపుతాయి. మూడవది వాటి మీద కాపలా. మొదటి స్విచ్ కొనలు కాలి అతుక్కుపోయి, తలుపు తెరిచినా తెగకపోతే, ఈ మూడవది కావాలనే షార్టు చేసి ఫ్యూజును పోగొడుతుంది. తెరిచిన తలుపుతో మైక్రోవేవ్ నడిచే కంటే ఒక ఫ్యూజు పోవడం మేలని చేసిన ఏర్పాటు అది. కాబట్టి సరిగ్గా తలుపు కదిలే క్షణంలోనే ఫ్యూజు పోవడం దాదాపు ఎప్పుడూ ఒకే సంగతి చెబుతుంది: మొదటి స్విచ్ అతుక్కుంది, లేదా కొక్కేల ప్లాస్టిక్ అరిగి స్విచ్‌లు పడవలసిన వరుసలో పడడం లేదు. మీరు మూడు ఫ్యూజులు వేసి మూడుసార్లూ కాపలాదారును తిట్టినట్లయింది. ఇప్పుడు వైరు కలపడమంటే అతనిని ఇంటికి పంపడం.

మూడు స్విచ్‌లనూ, కొక్కేన్నీ, దాని స్ప్రింగునూ ఒకేసారి మార్పించండి, ఒక్కటే మార్చితే మిగిలినవి ఆరు నెలలలో అదే దారి పడతాయి. తరువాత తలుపు అంచు దగ్గర లీకేజీ మీటరుతో చూడమనండి. 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు మించకూడదన్నది ప్రమాణం. ఈ పని ఇంట్లో చేయవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మైక్రోవేవ్ లోపలి కెపాసిటర్‌లో 2000 వోల్టులకు పైగా నిలువ ఉంటుంది, ప్లగ్ తీసిన తరువాత కూడా కొంతసేపు ఉంటుంది. మామూలు ఓవెన్‌కూ దీనికీ తేడా అక్కడుంది. లక్ష్మీపురం వారికి కవరు విప్పవచ్చని రాసిన నేనే మీకు విప్పవద్దని రాస్తున్నాను.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేట నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి కొనిచ్చిన కొత్త ఓవెన్ తలుపు బాగానే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది గాని, తాళంచెవి బొమ్మ వెలుగుతూ ఏ బటనూ పనిచేయడం లేదు. మీ పత్రికలో చదివినట్లు లాక్ పోయిందేమోనని భయంగా ఉంది. వారంటీలో ఉంది.

జవాబు: ఏమీ పోలేదండీ. తలుపు తెరుచుకుంటున్నదంటే అది తలుపు తాళం కాదు, పిల్లలు బటన్లు నొక్కకుండా పెట్టిన చైల్డ్ లాక్. ప్యానెల్ మీద అదే బొమ్మ ఉన్న బటన్‌ను, అది లేకపోతే రద్దు చేసే బటన్‌ను, వేలు తీయకుండా మూడు నుంచి ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. బీప్ వచ్చి బొమ్మ ఆరిపోతుంది. ఆరకపోతే పుస్తకంలో చైల్డ్ లాక్ అన్న పేజీ చూసి, అందులో ఏ రెండు బటన్లు కలిపి నొక్కమన్నారో అవి నొక్కండి. తుడిచేటప్పుడు తడిబట్ట అదే బటన్ మీద ఆగి ఉంటే కూడా ఇలా పడుతుంది, కాబట్టి ఇకమీదట మెయిన్ స్విచ్ ఆపి తుడవండి.